నమూనా పాఠం

బడిపుస్తకం చదివేది పిల్లలు. డబ్బులు పెట్టేది వాళ్ల అమ్మానాన్నలు. ఏ పుస్తకం కొనాలో తేల్చేది మాత్రం ఈ రెండు జాతుల్లోనూ లేని మూడో మనిషి. ఆ మూడో మనిషి గది బయట బల్ల మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడటమే తిరుపతి ఉద్యోగం.

హైదరాబాదు కంపెనీ ఒకటి ప్రైవేటు బళ్ల కోసం 'తొలివాన' అని తెలుగు వాచకాలు వేసింది. ఒకటి నుంచి ఐదు దాకా. ప్రతి పాఠం పక్కనా క్యూఆర్ కోడ్ అనే గీతల గడి ఉంటుంది. దాన్ని ఫోనుకు చూపిస్తే పాఠం వీడియోగా టీవీలో పలుకుతుంది. ఈ పుస్తకాలను కామారెడ్డి జిల్లా బళ్లలో పెట్టించే పని తిరుపతిది. మార్చి వచ్చిందంటే నమూనా ప్రతులు సంచీలో వేసుకుని, ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోతుంటే, బండి మీద తాడ్వాయి దాటి ఎల్లారెడ్డి దాకా బళ్లన్నీ తిరుగుతాడు. టీచర్లకు డైరీలు పంచుతాడు, ప్రిన్సిపాళ్లకు పెన్నులు ఇస్తాడు, అందరికీ నవ్వు ఇస్తాడు. ఆ నవ్వు మాత్రం కంపెనీ ఖర్చు కాదు.

ఈ ఏడు నవ్వు కూడా అరిగిపోయింది. కామారెడ్డిలో కంపెనీ మేనేజరు బాలరాజు గోడౌన్ షట్టరు కింద నిలబడి తేల్చి చెప్పేశాడు. "ఎల్లారెడ్డిల శైలేందర్ సార్ బడి పట్టుకుంటే చుట్టుపక్కల బళ్లన్ని వాటంతటవే వస్తయి. అది పట్టకపోతే వచ్చే సీజనుకు నువ్వు రాకు. నాకు మీది ఆఫీసు నుంచి ఫోన్లు వస్తున్నయి."

ఆ శైలేందర్ సార్ గదిలోనే ఇప్పుడు తిరుపతి కూర్చున్నాడు. ఆయన ఆ బడికి కరస్పాండెంటు, అంటే యజమాని. మెత్తటి మనిషి. గొంతు పెంచడు. ఎవరొచ్చినా ముందు చాయ్ చెప్తాడు. మెత్తటి కత్తి లోతుగా దిగుతుందని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు అంటారు, అదీ బడి గేటు దాటాకే అంటారు.

"బొమ్మలు మంచిగున్నయి. కాయితం మంచిగుంది. గని గిసొంటి పుస్తకాలు తెచ్చెటోళ్లు ఇంకో నలుగురు వచ్చిపోయిండ్రు తిరుపతీ. నీ దాంట్ల కొత్తేముంది?" అని శైలేందర్ అడిగాడు.

ఇక్కడే తిరుపతి నోరు జారింది. జారింది అనడం కూడా సరికాదు. ప్రతి బడిలోనూ ఇదే మాట చెప్తాడు, కంపెనీ ట్రైనింగులో నేర్పిన మాట. "సార్, మా పుస్తకమే పాఠం చెప్తది. వీడియో పెడితే చాలు. టీచర్ మీద బరువే ఉండది. టీచర్ లేకున్నా క్లాసు నడుస్తది సార్."

శైలేందర్ పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"టీచర్ లేకున్నా?"

"లేకున్నా సార్."

"అయితే సోమవారం మూడో తరగతిల డెమో పెట్టు. నువ్వు నోరు తెరవద్దు, మా టీచర్ నోరు తెరవద్దు. నీ పుస్తకం, నీ వీడియో చెప్పాలె. అది అయినంక పిల్లలను నేనే ప్రశ్నలడుగుత. వాళ్లకు ఎక్కిందనుకో, అన్ని క్లాసులకు నీ పుస్తకమే. ఎక్కకపోతే మళ్ల ఇటు రాకు, నీ పెట్రోలు దండుగ."

తిరుపతి నవ్వుతూనే బయటికి వచ్చాడు. వరండాలో స్తంభం పక్కకు చేరగానే నవ్వు దిగిపోయింది. ఆ వీడియోల సంగతి అతనికంటే బాగా ఎవరికి తెలుసు! ఎవరో పట్నం పిల్ల రైలు తప్పిపోతున్నట్టు గబగబా చదివేస్తుంది. పిల్లలకు బొమ్మ కనపడుతుంది గాని మాట చెవిన పడదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇన్నాళ్లూ విన్నవాళ్లు తలూపారు గాని, చేసి చూపించమని ఎవరూ అడగలేదు.

"ఏంది తిరుపతీ, గట్ల నిలబడ్డవు? మొకం గుంజుకపోయింది."

రాజమణి టీచరు. చేతిలో సుద్దముక్కల డబ్బా, చంకలో హాజరు పట్టీ. ఆ బడిలో మూడు, నాలుగు తరగతులకు తెలుగు చెప్తుంది. ఒకప్పుడు ఏడో తరగతిలో తిరుపతికీ తెలుగు చెప్పింది. అతను ఎంత పెద్దవాడైనా ఆమెకు మాత్రం బెంచీ మీద కాళ్లూపే పిల్లవాడే.

అతను దాచకుండా అంతా చెప్పాడు. మేనేజరు మాటతో సహా.

ఆమె నవ్వింది. "గంతేనా? ఇంతదానికే పరేషాన్ అయితున్నవా? ఇంక రేపు శనివారం ఉన్నది గద. పిల్లలను నేను తయారుచేస్త. నువ్వు ఫోనుల గా టీవీ పాఠం ఏందో జర నాకు సూపెట్టు."

ఆఫీసరు వస్తున్నాడంటే పిల్లలను తయారుచేయడం మన బళ్లలో పెళ్లికి ఇంటికి సున్నం వేసినంత మామూలు. ఏ ప్రశ్న వస్తుంది, ఎవరు చెయ్యెత్తాలి, ఎవరు వెనక బెంచీలో తల దించుకోవాలి, అన్నీ ముందే కుదురుతాయి. దాన్ని ఎవరూ మోసం అనరు. వచ్చే ఆఫీసరు కూడా అనడు, అతనూ అట్లాంటి బళ్లోనే చదివాడు కనుక. రాజమణి చేయబోయేది కూడా అదే అని తిరుపతి అనుకున్నాడు.

కాని ఆమె చేసింది అది కాదు. ఆమెకు అట్లా చేయడం చేతకాదు.

శనివారం. ఎండాకాలం కనుక రోజూ ఒంటిపూట బడే. వీడియోలో పాఠం పేరు 'చీమల ఊరు'. రాజమణి పుస్తకం తెరవనే లేదు. కొంగు నడుముకు దోపుకుని, బెల్లం ముక్క గుప్పిట్లో పట్టుకుని పిల్లలందరినీ బడి వెనక ప్రహరీ గోడ దగ్గరికి తీసుకుపోయింది. గోడ మొదట్లో పగులు ఉంది. అక్కడ బెల్లం చిదిమి చల్లి, పిల్లలను చుట్టూ గొంతుక్కూర్చోబెట్టింది.

"ఎవ్వలు ముట్టద్దు. ఊదద్దు. సూడుండ్రి. ఏం కనబడితే అది నాకు చెప్పుండ్రి."

చాలాసేపు ఎవరికీ ఏమీ కనపడలేదు. తరువాత అందరికీ అన్నీ కనపడ్డాయి. ఎదురెదురుగా వచ్చిన చీమలు ఆగి మూతులు కలుపుకుంటున్నాయని ఒకడు. పెద్ద ముక్కను నాలుగు చీమలు నాలుగు వైపులకు గుంజుతున్నాయని ఇంకొకడు. ఆశ్రిత అనే బక్కపిల్ల మోచేతుల మీద వంగి, ముక్కు నేలకు తగిలేంత దగ్గరగా చూసి, "టీచర్, గీ చీమ సచ్చిన చీమను మోసుకపోతుంది" అంది. రాజమణి ఆ పిల్ల పక్కనే కూలబడి తనూ చూసింది. "అవును బిడ్డా. ఊరు బయట పారేసొస్తది. ఇంట్ల ఉంచుకోదు. మనోళ్లు చేసినట్టే చేస్తది" అంది.

తరగతిలోకి వచ్చాక ఒక్కొక్కరి చేత చూసింది చెప్పించింది. తప్పు మాటను సరిచేయలేదు, ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పేటప్పుడు వాళ్లే సరిచేసుకున్నారు. సుద్దముక్కను రెండుగా విరిచి, ఒక ముక్క తాను పట్టుకుని, రెండోది పిల్లలకు ఇచ్చింది. బోర్డు సగం వాళ్లది, సగం ఆమెది. కిటికీ బయట నిలబడి తిరుపతి ఇదంతా చూశాడు. తన చేతిలో ఉన్న పుస్తకం బరువు అతనికి తెలుస్తూనే ఉంది.

గంట కొట్టే ముందు ఆమె పిల్లలను దగ్గరికి పిలిచింది. "సోమవారం నాడు నేను మాట్లాడ. టీవీ మాట్లాడతది. సార్ అడిగితే మీకు తెలిసింది తెలిసినట్టు చెప్పుండ్రి. టీచర్ నేర్పింది అని మాత్రం అనొద్దు. మన తిరుపతన్న పుస్తకం గెలవాలె. సరేనా?"

"సరే టీచర్!" అని తరగతి దద్దరిల్లింది.

సోమవారం శైలేందర్ సార్ మూడో తరగతిలో కుర్చీ వేయించుకున్నాడు. టీచర్లు గోడల వెంట నిలబడ్డారు. టీవీ మీట నొక్కడానికి ఆఫీసులో అడ్మిషన్లు రాసే మనోజ్ఞను పిలిపించాడు. నిరుడే డిగ్రీ అయిన పిల్ల. టీవీ ముందుకు వస్తుంటేనే చున్నీ నలుపుకుంటోంది.

వీడియో గలగల మోగింది, అయిపోయింది. శైలేందర్ లేచి ఒకటి అడిగాడు. గదినిండా చేతులు లేచాయి. రెండోది అడిగాడు. ముందు బెంచీవాళ్లు కాదని వెనక బెంచీలో వాళ్లను లేపాడు. వాళ్లూ చెప్పారు. చీమలు ఎందుకు మూతులు కలుపుకుంటాయో చెప్పారు, ఒక్కదానివల్ల కాని పని ఎట్లా చేస్తాయో చెప్పారు. రాజమణి వెనక గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. పిల్లలు ఏది చెప్పినా ఆమె పెదవులు కూడా చప్పుడు లేకుండా కదులుతున్నాయి. గదిలో అది చూసినవాడు తిరుపతి ఒక్కడే.

ఆశ్రిత లేచి, "సచ్చిపోయిన చీమను తోటి చీమ ఊరు బయట పారేసొస్తది సార్" అంది.

వీడియోలో ఆ ముక్కే లేదు. పుస్తకంలోనూ లేదు. తిరుపతి చూపు శైలేందర్ ముఖం మీదికి పోయింది.

శైలేందర్ మాత్రం టీచర్ల వైపు తిరిగి వేలెత్తాడు. "సూసిండ్రా? ఎంత డీటెయిలుగ చెప్పిండ్రో పుస్తకంల! మనోళ్లు ఏండ్ల సంది చెప్తున్నరు గని ఒక్క పిల్లకన్న గింత వచ్చిందా?"

టీచర్లు తలలు దించుకున్నారు. రాజమణి మాత్రం తిరుపతిని చూసి చిన్నగా కన్ను గీటింది. గెలిచాం అన్నట్టు. పిచ్చితల్లి.

తరువాత గదిలోకి పిలిచి, చాయ్ చెప్పి, శైలేందర్ అడిగాడు. "ఒక్క ముచ్చట సాఫ్ చెప్పు. రాజమణి మేడం ముందుగాల ఏమన్న నేర్పిందా పిల్లలకు?"

ఔనంటే పుస్తకం ఓడిపోతుంది. కాదంటే ఒక అబద్ధం, అంతే కదా. చీమంత అబద్ధం.

"లేదు సార్. పిల్లలు ఆ పాఠం సూసుడు ఇయ్యాలే మొదలు."

"మంచిది. ఆర్డరు నీదే. బడి చివరి రోజు పేరెంట్స్ మీటింగ్ ఉంటది, అది అయినంక సంతకం పెడత." అని శైలేందర్ చాయ్ ఊదుకున్నాడు. కప్పు కింద పెట్టాక తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "మీట నొక్కుడే అయితే గా మనోజ్ఞ చాలు గద."

తిరుపతి అది విన్నాడు. వినపడనట్టు కప్పులో మిగిలిన చాయ్ తాగేశాడు.

మర్నాడు అతను మిగతా తరగతుల నమూనా ప్రతులు ఇవ్వడానికి వచ్చేసరికి రాజమణి గేటు దగ్గరే నిలబడి ఉంది. బడి నడుస్తోంది. తరగతిలో ఉండాల్సిన మనిషి ఎండలో ఉంది.

"సార్ పొద్దుగాల పిలిచిండు. చాయ్ తాగమన్నడు. మీరు సీనియర్, మీకు యాడికి పోయినా దొరుకుతది మేడం అన్నడు. వచ్చే ఏడు నుంచి మూడు, నాలుగు మనోజ్ఞకు ఇస్తరట. పుస్తకమే చెప్తదట గద." ఆమె గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం మామూలుగా లేవు. సుద్దపొడి లేని వేళ్లను కూడా దులుపుకుంటూనే ఉంది. "నాకు సుద్దముక్క పట్టుకునుడు తప్ప ఇంకోటి రాదు తిరుపతీ. నువ్వొక్క మాట చెప్పు. నేను నేర్పిన్నని చెప్పు. నీ పుస్తకం మంచిదే, గని చెప్పెటోళ్లు గూడ కావాలె అను. నువ్వు చెప్తే ఇంటడు. పోయి చెప్పు బిడ్డా. నేను ఈడనే ఉంట."

తిరుపతి లోపలికి పోయాడు. చెప్పాలనే పోయాడు. ఆ మాట నమ్మాలి మనం, ఎందుకంటే అతనూ నమ్మాడు.

"రా రా. మంచి టైముకు వచ్చినవు." శైలేందర్ ఉత్సాహంగా ఉన్నాడు. "పేరెంట్స్ మీటింగుల ఇంకో డెమో పెడదాం. పాఠం మారుద్దాం, గా 'సంత' పాఠం పెట్టు. మనోజ్ఞ నిలబడతది. తల్లిదండ్రులు సూస్తే అడ్మిషన్లు పక్క బడికి పోవు. నిన్నటి లెక్కనే దుమ్ము లేవాలె."

"సార్, రాజమణి మేడం..."

"ఏందీ? ఏమన్న అన్నదా?" శైలేందర్ కళ్లద్దాల పైనుంచి చూశాడు. చూపులో కోపం లేదు. కోపం ఉంటే తిరుపతికి తేలికయ్యేదేమో.

"ఏం లేదు సార్. మంచి మనిషి అని..."

"మంచిదే. మంచితనంతోని బడి నడుస్తదా?"

శైలేందర్ నవ్వాడు. తిరుపతి కూడా నవ్వాడు. ఏరు దాటకముందే తెప్ప తగలేసినవాణ్ని ఎక్కడైనా చూశామా? ఇక్కడ చూడొచ్చు.

గేటు దగ్గర ఆమె అట్లాగే నిలబడి ఉంది. అతను దగ్గరికి రాకముందే ముఖంలోకి చూసింది.

"చెప్పిన టీచర్. శానా చెప్పిన. ఇనలే."

రాజమణి ముఖం చిన్నబోయింది, కాని అది తన కోసం కాదు. "అయ్యో! నాకోసం కొట్లాడినవా? నీ ఆర్డరు పోలే గద? నాదేముంది, పోతే పోయింది. నీ పని చెడగొట్టుకోకు బిడ్డా" అని అతని చేయి పట్టుకుంది.

అక్కడితో ఆగినా తిరుపతి ఓ మోస్తరు మనిషిగా మిగిలేవాడు. కాని 'సంత' పాఠం ఉంది. మనోజ్ఞ మీట నొక్కితే పిల్లలు నోరు వెళ్లబెడతారని అతనికి తెలుసు. పిల్లలు నోరు వెళ్లబెడితే సంతకం లేదు, సంతకం లేకపోతే సీజను లేదు.

ఆ మధ్యాహ్నమే రాజమణి ఇంటికి పోయాడు. ఆమె ఇల్లు పాత రేకుల ఇల్లు, ముందు చిన్న అరుగు. పక్కింటి అరుగు మీద ఆశ్రిత నాయనమ్మ హన్మవ్వ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. రాజమణి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, విసనకర్ర కూడా ఇచ్చింది.

"టీచర్, కామారెడ్డిల ఒక బడికి తెలుగు టీచర్ కావాల్నట. నేను మీ పేరు చెప్పిన. రమ్మన్నరు. గని ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగిండ్రు, ఇన్నేండ్లు చెప్పినట్టు మీ బడి నుంచి కాయితం." ఇది మాత్రం నిజమే. కామారెడ్డిలో ఒక ప్రిన్సిపాలుకు నిజంగానే ఫోన్ చేశాడు. అబద్ధం పక్కన నిజాన్ని కూర్చోబెడితే అబద్ధానికి గౌరవం పెరుగుతుంది.

రాజమణి కళ్లు వెలిగాయి. "ఇస్తడంటవా సార్?"

"ఎందుకియ్యడు? పేరెంట్స్ మీటింగు మంచిగ అయితే ఆయన ఖుష్ అయితడు. ఆ ఖుషీల అడగాలె. మనోజ్ఞ పెట్టే గా 'సంత' డెమో ఒక్కటి పిల్లలకు జర..."

ఆమె ఖాళీ చెంబు అందుకుని అరుగు అంచున పెట్టింది. తన కుర్చీలో కూర్చోబోయే పిల్లకు చప్పట్లు కొట్టించే పని అది. అంత అర్థంకాని మనిషి కాదు.

"నాకోసం నువ్వు ఆయనతోని కొట్లాడినవు. నేను గింత చెయ్యనా?" అంది చివరికి. "బడి ఇడిసినంక పగటీలి పిల్లలను పంపుమను. ఈ అరుగు మీదనే చెప్త."

ఆ వారమంతా ఎండపూట ఆమె అరుగు మీద సంత కూడింది. చింతగింజలు డబ్బులు. గింజలు కొలిచే తవ్వ, సోలెడు గిన్నెలు హన్మవ్వ ఇంట్లోంచి వచ్చాయి. ఒకడు మిరపకాయలు అమ్మేవాడు, ఒకడు మేకలు అమ్మేవాడు, ఆశ్రిత బేరమాడే ముసలామె. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఆశ్రిత నడుము మీద చేయి పెట్టి దీర్ఘం తీస్తే, బీడీలు చుట్టే హన్మవ్వ చేట ఊగేంత నవ్వింది. "గిది నన్నే జూసి నేర్సుకుంది టీచరమ్మా!" అంది. రాజమణి మధ్యమధ్య ఆపి, ఆ మాటలనే పిల్లల చేత పలక మీద రాయించింది. మాట ముందు, అక్షరం తరువాత. ఒకరోజు మనోజ్ఞ కూడా వచ్చి అరుగు చివర కూర్చుంది. పోయేటప్పుడు, "నన్ను తిట్టుకోకుండ్రి మేడం" అంది. "నిన్నెందుకు తిడత? సుద్దముక్క విరిచి పట్టుకో, కీచుమనది" అని రాజమణి రాసి చూపించింది.

చివరి పనిదినం వచ్చింది. బడి ముందు షామియానా వేశారు. ఒక పక్క తల్లులు, ఇంకో పక్క తండ్రులు, ముందు వరసలో నాయనమ్మలు. రాజమణి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి చివర కుర్చీలో కూర్చుంది. ఉండబట్టలేక ఆమె ముందే అడిగితే, మీటింగు అయ్యాక సర్టిఫికెట్ తీసుకుపొమ్మని శైలేందర్ సారే కబురు చేశాడు. మరుసటి రోజు కామారెడ్డి పోవాలి. ఆ కాగితం లేకుండా అక్కడ గుమ్మం ఎక్కనివ్వరు.

మనోజ్ఞ మీట నొక్కింది. వీడియోలో ఎవరో పట్నం అంకుల్ తోపుడుబండి మీద కూరగాయలు అమ్మాడు. తరువాత పిల్లలు లేచారు. సంత మొదలయింది. మిరపకాయలవాడి అరుపుకు తండ్రులు ఈలలు వేశారు. ఆశ్రిత బేరానికి తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. షామియానా కింద చప్పట్లు ఆగలేదు.

శైలేందర్ మైకు అందుకున్నాడు. "ఇది మా కొత్త పుస్తకం గొప్పతనం. మీ పిల్లలు ఎవ్వరు చెప్పకుంటనే, పుస్తకం సూసి నేర్చుకున్నరు." మనోజ్ఞ భుజాల మీద శాలువా కప్పాడు. తిరుపతి మీద కూడా ఒకటి కప్పాడు.

అప్పుడు ముందు వరసలోంచి హన్మవ్వ లేచింది. సంబరం పట్టలేక లేచింది. మనవరాలికి చప్పట్లు కొడితే ఏ నాయనమ్మ మాత్రం కూర్చుంటుంది?

"సారూ! ఎవ్వరు చెప్పకుంట ఏంది సారూ! వారం సంది మా రాజమణి టీచరమ్మ అరుగు మీద కూసోబెట్టి నేర్పింది. గా తవ్వ మా ఇంట్లదే. మస్తు చెప్పింది సారూ. గామెకు గూడ ఒక సాలువ కప్పుండ్రి!"

ముందు కొందరు నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు. శైలేందర్ ముఖంలో నవ్వు చెదరలేదు గాని, చెవులు ఎర్రబడ్డాయి. మైకు తిరుపతి చేతికి ఇచ్చాడు.

"ఏంది తిరుపతీ? అవ్వ ఏమో అంటుంది. నీ పుస్తకమేనా, ఆమెనా? పేరెంట్స్‌కు నువ్వే చెప్పు."

శాలువా కింద తిరుపతి వీపు తడిసిపోయింది. చివర కుర్చీలో రాజమణి తలెత్తి అతనివైపే చూస్తోంది. ఆ చూపులో బెదురు లేదు. ఇప్పుడు కూడా కొట్లాడతాడని నమ్మిన చూపు. ఒక్క మాట చాలు. ఔను, ఆమే నేర్పింది. ఆ మాటకు చప్పట్లు కూడా పడేవేమో. ఆర్డరు పోయేది, అంతే.

"మేడం ట్యూషన్ చెప్పుకుంటున్నరేమో సార్," అన్నాడు మైకులో. అతని గొంతు నాలుగు మూలల సౌండు పెట్టెల్లోంచి మోగింది. "మా పుస్తకానికి దానికి సంబంధం లేదు. పిల్లలు పుస్తకం సూసే నేర్చుకున్నరు."

శైలేందర్ మైకు వెనక్కి తీసుకుని మెత్తగా అన్నాడు. "చూసిండ్రా? మా బడి పిల్లలకు మా టీచర్ ఇంటికాడ ట్యూషన్ చెప్పుడు మా రూలుకు ఖిలాఫ్. ఆ సంగతి మేం సూసుకుంటం. మీరు ప్రోగ్రెస్ కార్డులు తీసుకోండ్రి."

ఆఫీసు కిటికీ దగ్గర రాజమణి నిలబడితే మనోజ్ఞ తల ఎత్తలేకపోయింది. "సార్ సర్టిఫికెట్ ఇయ్యొద్దన్నడు మేడం. చింపేసిండు. నా ముంగట్నే చింపేసిండు" అంది. శాలువా ఇంకా ఆ పిల్ల భుజాల మీదే ఉంది. దాన్ని ఎట్లా తీయాలో తెలియక రెండు అంచులూ పట్టుకుని కూర్చుంది.

హన్మవ్వ లబోదిబోమంటూ వచ్చింది. "నేను మంచిగనే చెప్పిన గద బిడ్డా! నీ పేరు నలుగురికి తెలవాల్నని చెప్పిన. ఏం పాపం జేస్తి!"

"నువ్వేం తప్పు చెయ్యలే అవ్వా. నిజమే చెప్పినవు." రాజమణి ముసలామె చేయి నిమిరింది. నిమురుతూనే, వరండా చివర సంచీ సర్దుకుంటున్న తిరుపతిని చూసింది. ముసలామెను అక్కడే కూర్చోబెట్టి అతని దగ్గరికి నడిచింది.

అతను ముందే మాటలు సిద్ధం చేసుకున్నాడు. "టీచర్, అందరి ముంగట అడిగేసరికి నాకు ఏం..."

"తిరుపతీ." ఆమె గొంతు తరగతిలో ప్రశ్న అడిగినట్టే ఉంది. కోపం కాదు, జవాబు కావాలంతే. "ఆ రోజు నన్ను గేటుకాడ నిలబెట్టి లోపటికి పోయినవు గద. ఇయ్యాల చెప్పినట్టేనా, ఆ రోజు గూడ చెప్పింది?"

తిరుపతి సంచీ జిప్పు లాగాడు. అది సగంలో ఇరుక్కుంది. మళ్లీ లాగాడు. ఆమె ఎదురుచూసింది. పిల్లలు జవాబు వెతుక్కునేటప్పుడు తొందరపెట్టని అలవాటు ఆమెది. అతను జిప్పు మీదినుంచి కళ్లెత్తలేదు. అదే జవాబని కొంతసేపటికి ఆమెకు అర్థమయింది.

లోపలినుంచి శైలేందర్ గొంతు వినపడింది. "తిరుపతీ, ఆర్డరు కాయితం తెచ్చుకో. సంతకం పెడత, నేను పోవాలె."

"పోండ్రి," అంది రాజమణి, దారి ఇస్తూ పక్కకు జరిగి. "సార్ మిమ్మల్ని పిలుస్తుండు."

ఏడో తరగతి నుంచి ఆమె అతన్ని మీరు అనడం అదే మొదటిసారి. తిరుపతి ఒక అడుగు ఆమె వైపు వేశాడు. ఆమె అప్పటికే హన్మవ్వను లేపుకుని మెట్లు దిగుతోంది. అతను భుజం మీది శాలువా సరిచేసుకుని, కాగితం తీసుకుని, సంతకం కోసం లోపలికి పోయాడు.